మధుమేహ వ్యాధి నిర్ధారణ సంకేతాలు – కేస్‌షీటులో ఒక్క మాట విలువ

సిద్దిపేట:

సిద్దిపేట, గజ్వేల్, దుబ్బాక, హుస్నాబాద్ ప్రాంతాలలో ఏ పల్లెకు వెళ్లినా "షుగర్ ఉన్నది, బీపీ ఉన్నది" అన్న మాట వినవస్తుంది. ఇంటి అరుగు మీద చెప్పుకొనేందుకు ఆ మాట చాలు. అయితే ఆసుపత్రి కేస్‌షీటులో కూడా "డయాబెటిస్" అన్న ఒక్క మాటతో వ్యాధి నిర్ధారణను ముగించినపుడు, ఆ రోగికి ఉన్నది ఏ రకమైన మధుమేహం, అది అతని కంటిని, మూత్రపిండాలను, కాలిని ఎంతవరకు దెబ్బతీసింది అన్న సమాచారం అక్కడితో ఆగిపోతుంది. రోగి డిశ్చార్జి అయిన తరువాత కేస్‌షీటు మెడికల్ రికార్డుల విభాగానికి చేరుతుంది. అక్కడి సిబ్బంది వైద్యుడు రాసిన నిర్ధారణను చదివి, దానికి తగిన అంతర్జాతీయ సంకేత సంఖ్యను వేస్తారు. వారికి ఊహించే అధికారం లేదు. రాసిన దానికే సంఖ్య వేయవలసి ఉంటుంది, రాయనిది లెక్కలోకి రాదు.

ఇది కేవలం గుమాస్తా పని అని తీసివేయదగినది కాదు. భారత వైద్య పరిశోధన మండలి నిర్వహించిన ఇండియాబ్ అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం దేశంలో 10.1 కోట్ల మంది మధుమేహంతోను, మరో 13.6 కోట్ల మంది దాని ముందు దశలోను ఉన్నట్లు అంచనా. ఇటువంటి సర్వేలు వ్యాధి ఎంతమందికి ఉన్నదో చెబుతాయి. ఆ వ్యాధి వలన ఏ ఆసుపత్రిలో ఎందరికి కాలు తీయవలసి వచ్చింది, ఎందరు డయాలసిస్‌కు చేరారు అన్నది మాత్రం ఆసుపత్రి రికార్డులు, మరణ నమోదు పత్రాలే చెప్పాలి. ఆ రికార్డులను లెక్కించడానికి ఉన్న సాధనం ఈ సంకేత సంఖ్య.

సంకేతాల పుట్టుక

వ్యాధులకు సంఖ్యలు కేటాయించే పద్ధతి మరణాల జాబితాతో మొదలైంది. ఫ్రాన్సు దేశపు గణాంక నిపుణుడు జాక్ బెర్టిలాన్ రూపొందించిన మరణ కారణాల వర్గీకరణను 1893లో అంతర్జాతీయ గణాంక సంస్థ ఆమోదించింది. 1948లో ఆరవ సవరణ నాటికి ఈ బాధ్యత ప్రపంచ ఆరోగ్య సంస్థకు చేరింది. అప్పటి నుంచి మరణాలతో పాటు జబ్బులు కూడా ఇందులో చోటు చేసుకున్నాయి. "ఐసీడీ" అన్న పొట్టి పేరుతో వ్యవహరించే ఈ గ్రంథపు పదవ సవరణను ప్రపంచ ఆరోగ్య మహాసభ 1990 మే నెలలో ఆమోదించగా, సభ్య దేశాలు 1994 నుంచి వినియోగించడం ప్రారంభించాయి.

భారత ప్రభుత్వం 2016లో సవరించి ప్రకటించిన ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల ప్రమాణాలలో ఐసీడీ-10కి స్థానం కల్పించింది. వైద్య కళాశాలలకు అనుబంధంగా ఉండే ఆసుపత్రులలో కేస్‌షీట్లను ఐసీడీ ప్రకారమే సూచిక చేసి భద్రపరచాలని భారత వైద్య మండలి తన నిబంధనలలో కోరింది. 2016 అక్టోబరు 11న జిల్లాగా అవతరించిన సిద్దిపేటలో 2018లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. దానితో కొత్త పడకలు, ప్రొఫెసర్ల పోస్టులతో పాటు ఈ రికార్డుల బాధ్యత కూడా పట్టణానికి వచ్చింది. ప్రారంభోత్సవ సభలలో ఎవరూ ప్రస్తావించని బాధ్యత ఇది.

ఆరోగ్యశ్రీ పథకంలో వాడే ప్యాకేజీ కోడు, ఐసీడీ సంకేతం ఒకటి కావు. మొదటిది చేసిన చికిత్సను, దానికి చెల్లించవలసిన మొత్తాన్ని గుర్తిస్తుంది. రెండవది జబ్బును గుర్తిస్తుంది.

ఐదు గదులు

ఐసీడీ-10లో మధుమేహానికి "ఇ" అక్షరం కింద ఐదు గదులు ఉన్నాయి. ఇ-10 టైప్ 1 మధుమేహం. ఇ-11 టైప్ 2. ఇ-12 పోషకాహార లోపంతో ముడిపడిన మధుమేహం. ఇ-13లో క్లోమగ్రంథి జబ్బు వంటి ఇతర కారణాల వలన వచ్చినవి చేరుతాయి. ఇ-14 రకం తెలియని మధుమేహం. కేస్‌షీటులో "డయాబెటిస్" అని మాత్రమే ఉంటే రికార్డు సిబ్బంది చేయి నేరుగా ఇ-14 మీదికి వెళుతుంది. రోగి యాభై ఏళ్లు దాటినవాడైనా, పదేళ్లుగా మెట్‌ఫార్మిన్ మాత్రలు మింగుతున్నవాడైనా, అది టైప్ 2 అని వైద్యుడు రాయనిదే ఇ-11 వేయడానికి వీలు లేదు.

ఇక్కడ తరచుగా దొర్లే పొరపాటు ఒకటి ఉన్నది. ఐసీడీ-10 తొలి ముద్రణలో ఇ-10కి "ఇన్సులిన్ ఆధారిత మధుమేహం" అని, ఇ-11కి "ఇన్సులిన్‌పై ఆధారపడని మధుమేహం" అని శీర్షికలు ఉండేవి. ఫలితంగా ఇన్సులిన్ ఇంజెక్షన్ తీసుకొనే ప్రతి రోగిని ఇ-10లో చేర్చడం అలవాటైంది. తదుపరి సవరణలలో ఆ శీర్షికలను టైప్ 1, టైప్ 2గా మార్చారు. మాత్రలు పనిచేయక ఇన్సులిన్‌కు మారిన టైప్ 2 రోగి ఇ-11లోనే ఉంటాడు, సూది మందు అతని వ్యాధి రకాన్ని మార్చదు. ఈ తేడా తెలియకపోతే నష్టపోయేది టైప్ 1 పిల్లలు. వారికి ఇన్సులిన్ ఒక్క రోజు ఆగినా ప్రాణాపాయం. వారి కోసం ఎన్ని వయల్స్ నిల్వ ఉంచాలి అన్న లెక్క ఇ-10 నుంచి తీయవలసి ఉండగా, ఆ గది నిండా పెద్ద వయసు వారే కనిపిస్తే ఆ లెక్క ఎందుకూ పనికిరాదు.

ఇ-12 చరిత్ర కొంత విచిత్రమైనది. బక్కచిక్కిన పేదలలో కనిపించే ఈ రకాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో ప్రత్యేక వర్గంగా గుర్తించి, ఆధారాలు చాలవన్న కారణంతో 1999లో తన మధుమేహ వర్గీకరణ నుంచి తొలగించింది. ఐసీడీ-10లో మాత్రం ఆ గది అలాగే మిగిలింది. 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్‌లో జరిగిన ప్రపంచ మధుమేహ మహాసభలో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య దీనిని "టైప్ 5" పేరుతో తిరిగి గుర్తించింది. ఒక జబ్బుకు పేరు ఉండటం, పోవడం, మళ్లీ రావడం పుస్తకాల సంగతి. ఆ నలభై ఏళ్లలో రోగులు మాత్రం ఎక్కడికీ పోలేదు.

చుక్క తరువాతి అంకె

అసలు విషయం చుక్క తరువాత ఉన్నది. పై ఐదు గదులలో ప్రతిదానికి 0 నుంచి 9 వరకు నాలుగవ అంకె ఉంటుంది. 0 అంటే స్పృహ కోల్పోవడం, చక్కెర మితిమీరినా, అతిగా పడిపోయినా కోమాకు ఇదే అంకె. 1 కీటోఅసిడోసిస్. 2 మూత్రపిండాలు. 3 కళ్లు. 4 నరాలు. 5 కాళ్ల రక్తప్రసరణ, మానని పుండు, కుళ్లు. 6 ఇతర చిక్కులు. 7 ఒకటికి మించిన చిక్కులు. 8 చిక్కు ఉన్నది గాని ఏదో తెలియదు. 9 చిక్కులు లేవు.

ఉదాహరణకు దుబ్బాక ప్రాంతంలో రోజంతా కూర్చొని బీడీలు చుట్టే ఒక మహిళను తీసుకొనవచ్చు. ఆమెకు పన్నెండేళ్లుగా షుగర్. అరికాళ్లు మొద్దుబారి, గుచ్చుకున్న ముల్లు తెలియక, పుండు పడి, వేలు నల్లబడిన తరువాత ఆసుపత్రిలో చేరింది. కేస్‌షీటులో "డయాబెటిస్, కాలి పుండు" అని రాస్తే రికార్డులో సంబంధం లేని రెండు జబ్బులుగా, అనగా ఇ-14.9గా ఒకటి, మామూలు చర్మపు పుండుగా ఒకటి నమోదయ్యే ప్రమాదం ఉన్నది. "టైప్ 2 మధుమేహం వలన కాలి పుండు, కుళ్లు" అని రాస్తే ఇ-11.5 వస్తుంది. రెండు వాక్యాలకు తేడా "వలన" అన్న ఒక్క మాట. మొదటి పద్ధతిలో ఆమె "చిక్కులు లేని మధుమేహం" వరుసలో నిలబడుతుంది, వేలు తీసివేసిన తరువాత కూడా.

కొన్ని చిక్కులకు రెండు సంకేతాలు జతగా వేయవలసి ఉంటుంది. మూల వ్యాధికి కత్తి గుర్తు, అది దెబ్బతీసిన అవయవానికి నక్షత్రం గుర్తు ఉంటాయి. మధుమేహం వలన కంటి రెటీనా దెబ్బతింటే ఇ-11.3తో పాటు హెచ్-36.0, మూత్రపిండాల వడపోత భాగం దెబ్బతింటే ఇ-11.2తో పాటు ఎన్-08.3, కాళ్లు చేతుల నరాలు దెబ్బతింటే ఇ-11.4తో పాటు జి-63.2 వేస్తారు. కత్తి గుర్తు గలది తప్పనిసరిగా ఉండాలి. నక్షత్రం గుర్తు గలది ఒంటరిగా నిలవకూడదు. రక్తపోటుకు ఐ-10, స్థూలకాయానికి ఇ-66, కొవ్వు పదార్థాల హెచ్చుతగ్గులకు ఇ-78 వేర్వేరుగా చేరుతాయి. షుగర్ రోగికి క్షయ కూడా ఉంటే దాని సంకేతం విడిగా వేయాలి. ఈ రెండు జబ్బులు ఒకదానినొకటి పెంచుతాయి గనుక ఒకటి ఉన్నవారికి రెండవదాని పరీక్ష చేయాలని 2017లో జాతీయ స్థాయిలో విధివిధానాలు వెలువడ్డాయి.

గర్భిణులు, శిశువులు

గర్భిణికి మధుమేహం ఉంటే సంకేతం "ఇ" గదుల నుంచి "ఓ" గదికి మారుతుంది. గర్భం దాల్చక ముందే టైప్ 1 ఉంటే ఓ-24.0, టైప్ 2 ఉంటే ఓ-24.1, గర్భంతో పాటు వచ్చినదైతే ఓ-24.4. మన దేశంలో గర్భిణులకు మొదటి పరీక్షలోను, తిరిగి 24 నుంచి 28 వారాల మధ్య 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి, రెండు గంటల తరువాత రక్తం పరీక్షిస్తారు. 140 లేదా అంతకు మించితే గర్భకాల మధుమేహంగా పరిగణిస్తారు. ఇందుకు ఖాళీ కడుపుతో రావలసిన అవసరం లేదు. పొద్దున్నే పొలం పనికి వెళ్లే తల్లులకు ఇది వెసులుబాటు.

అటువంటి తల్లికి పుట్టిన శిశువులో ఆ ప్రభావం కనిపిస్తే శిశువు కేస్‌షీటులో పి-70.0 వేస్తారు. ప్రసవం తరువాత తల్లి షుగర్ మామూలు స్థాయికి వచ్చినా, ఆమెకు తదుపరి కాలంలో టైప్ 2 వచ్చే అవకాశం అధికం. పాత కేస్‌షీటులో ఓ-24.4 ఉంటేనే ఐదేళ్ల తరువాత చూసే వైద్యుడికి ఆ సంగతి తెలుస్తుంది. ఈ అంకె ఆమెకు ముందస్తు హెచ్చరికగా ఉపయోగపడుతుంది.

శిబిరంలో వచ్చిన అంకె

అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమం కింద 30 ఏళ్లు నిండిన వారికి ఆశా కార్యకర్తలు ఇంటింటికి వెళ్లి ప్రశ్నావళి నింపడం, ఏఎన్ఎంలు వేలి కొన నుంచి రక్తం తీసి పరీక్షించడం జరుగుతున్నది. ఈ పరీక్షలో అంకె ఎక్కువ వచ్చినంత మాత్రాన ఆ వ్యక్తిని ఇ-11గా నమోదు చేయరాదు. కేవలం పరీక్ష కోసం వచ్చిన వారికి జెడ్-13.1 అన్న సంకేతం ఉన్నది. చక్కెర ఎక్కువగా ఉండి వ్యాధి ఇంకా నిర్ధారణ కాకపోతే ఆర్-73.9, మధుమేహం ముందు దశకు ఆర్-73.0 ఉన్నాయి. పరగడుపున 126, గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు 200, లేదా హెచ్‌బీఏ1సీ 6.5 శాతం, ఇవి దాటినపుడు, లక్షణాలు లేని వారిలో మరొకసారి పరీక్షించి ధ్రువపరచుకొన్న తరువాతే వ్యాధి నిర్ధారణ.

తొందరపడి వేసిన సంకేతం మనిషిని వెంటాడుతుంది. ఆరోగ్య బీమా తీసుకొనే సమయానికి మధుమేహం ఉన్నట్లు రికార్డులో ఉంటే దానిని ముందే ఉన్న వ్యాధిగా పరిగణిస్తారు. అటువంటి వ్యాధులకు వేచి ఉండవలసిన గరిష్ఠ కాలాన్ని బీమా నియంత్రణ సంస్థ 2024లో 48 నెలల నుంచి 36 నెలలకు తగ్గించింది. తగ్గినా మూడేళ్లు మూడేళ్లే. లేని జబ్బుకు ఆ మూడేళ్లు ఎదురుచూడవలసి రావడం అన్యాయం.

మరణ పత్రంలో మూడు గీతలు

సంకేతాల విలువ అన్నింటికంటె స్పష్టంగా కనిపించేది మరణ కారణ ధ్రువీకరణ పత్రంలో. జనన మరణాల నమోదు చట్టం, 1969 కింద ఆసుపత్రిలో సంభవించిన మరణానికి ఫారం 4, ఇంటివద్ద సంభవించిన దానికి ఫారం 4-ఎ వైద్యుడు నింపుతాడు. మొదటి భాగంలో (ఎ), (బి), (సి) అని గీతలు ఉంటాయి. (ఎ)లో ప్రాణం తీసిన తక్షణ కారణం, (బి)లో దానికి దారితీసినది, (సి)లో ఈ వరుసకు మొదలైన మూలకారణం రాయాలి. రెండవ భాగంలో మరణానికి తోడ్పడిన ఇతర జబ్బులు రాయాలి. దేశాల మరణ గణాంకాలన్నీ ఆ మూలకారణం మీదనే ఆధారపడతాయి.

పదిహేనేళ్ల షుగర్ తరువాత మూత్రపిండాలు చెడిపోయి, డయాలసిస్ మీద ఉండి, ఊపిరితిత్తులలో నీరు చేరి మరణించిన వ్యక్తి పత్రంలో (ఎ) ఊపిరితిత్తులలో నీరు, (బి) దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి, (సి) టైప్ 2 మధుమేహం అని ఉండాలి. అపుడు ఆ మరణం ఇ-11.2 కింద చేరుతుంది. (బి) వరకే రాసి ఆపితే అది ఎన్-18 కింద మూత్రపిండాల జబ్బుగా లెక్కకు వస్తుంది. ఇవేవీ లేకుండా "గుండె, శ్వాస ఆగిపోవడం" అని మాత్రమే రాస్తే ఐ-46.9 వస్తుంది. ప్రతి మరణంలోను గుండె, శ్వాస ఆగుతాయి. అది చనిపోయిన తీరును తెలుపుతుందే తప్ప కారణాన్ని కాదు. అర్ధరాత్రి డ్యూటీలో, బయట బంధువులు ఎదురుచూస్తుండగా, ఆ ఒక్క మాట రాసి సంతకం చేయడం సులభం. జిల్లాలో మధుమేహం ఎందరిని బలి తీసుకొన్నదో తెలియకుండా పోవడానికి అదే దారి.

దేశంలో నమోదైన మరణాలలో వైద్య ధ్రువీకరణ పొందినవి 2020లో 22.5 శాతం మాత్రమే. ఇంటివద్ద జరిగే మరణాలకు అధిక భాగం ఈ పత్రమే ఉండదు. కుటుంబాలు దీనిని అడగకపోవడానికి కారణం కూడా లేకపోలేదు. మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చే మరణ ధ్రువపత్రంలో మరణ కారణం ఉండదు. 2018 ఆగస్టులో ప్రారంభమైన రైతుబీమా పథకంలో మరణం ఏ కారణంగా సంభవించినా 5 లక్షల రూపాయలు చెల్లించే ఏర్పాటు ఉన్నది. కుటుంబానికి అది మేలే, అయితే ఆ సౌలభ్యం వలన కారణాన్ని రాయించుకోవలసిన అవసరం ఇంటివారికి కలుగదు.

హైదరాబాద్ కోడర్లు – రెండు పుస్తకాలు

రాజీవ్ రహదారి మీదుగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాద్‌లో ఇదే పని పెద్ద ఉపాధిగా మారింది. బీఎస్సీ, బీఫార్మసీ, నర్సింగు చదివిన యువత "మెడికల్ కోడింగ్" సంస్థలలో చేరి అమెరికా ఆసుపత్రుల కేస్‌షీట్లకు సంకేతాలు వేస్తున్నారు. అమెరికా 2015 అక్టోబరు 1 నుంచి ఐసీడీ-10కి తన సొంత విస్తరణను వాడుతున్నది. అందులో సంకేతం ఏడు స్థానాల వరకు సాగుతుంది. టైప్ 2 వలన కాలి పుండుకు ఇ-11.621, దానితో పాటు పుండు ఏ కాలిమీద, ఎంత లోతున ఉన్నదో తెలిపే ఎల్-97 సంకేతం వేయాలి. ఇన్సులిన్ దీర్ఘకాలంగా వాడుతుంటే జెడ్-79.4 చేర్చాలి. అక్కడ సంకేతం తప్పితే బిల్లు తిరిగివస్తుంది గనుక వైద్యుడిని ప్రశ్న అడిగి స్పష్టత పొందే పద్ధతి స్థిరపడింది.

ఆ అనుభవంతో ఇక్కడి ఆసుపత్రులకు వచ్చేవారు ఒక తేడా గమనించవలసి ఉన్నది. అమెరికా పుస్తకంలో ఇ-14 గది లేదు. రకం రాయకపోతే టైప్ 2గా భావించి ఇ-11 వేయాలని అక్కడి నియమం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పుస్తకంలో అదే కేస్‌షీటుకు ఇ-14 వేయాలి. వైద్యుడిని అడిగే అలవాటును మాత్రం ఇక్కడికి తెచ్చుకొనదగినదే.

పదకొండవ సవరణ

ఐసీడీ-11ను 2019 మే నెలలో ప్రపంచ ఆరోగ్య మహాసభ ఆమోదించగా, 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. ఇందులో టైప్ 1కు 5ఎ10, టైప్ 2కు 5ఎ11, పోషకాహార లోపపు మధుమేహానికి 5ఎ12, రకం తెలియని దానికి 5ఎ14 కేటాయించారు. గర్భిణుల మధుమేహం జెఎ63కు మారింది. చుక్క తరువాత ఒకే అంకెతో సరిపెట్టకుండా, జబ్బు సంకేతానికి చిక్కు సంకేతాన్ని గీతతో కలిపి వరుసగా రాయవచ్చు. టైప్ 2 వలన రెటీనా దెబ్బతింటే 5ఎ11 పక్కన 9బి71.0 చేరుతుంది. కన్ను, కాలు, మూత్రపిండం మూడూ దెబ్బతిన్న రోగికి ఐసీడీ-10లో "ఒకటికి మించిన చిక్కులు" అన్న 7వ అంకెలో కలిసిపోయిన వివరం ఇందులో విడివిడిగా నిలుస్తుంది. పుస్తకం మారినా కేస్‌షీటులో ఉండవలసినది మాత్రం మారలేదు.

రోగులు, బంధువులు గమనించవలసినవి

డిశ్చార్జి కార్డు చేతికి అందినపుడు అందులో మధుమేహం టైప్ 1 లేదా టైప్ 2 అని ఉన్నదా, కన్ను, కాలు, మూత్రపిండాలకు సంబంధించిన చిక్కు ఉంటే అది షుగర్ వలన వచ్చినదని రాసి ఉన్నదా చూసుకొని, లేనిచో వార్డు విడువక ముందే వైద్యుడిని అడిగి రాయించుకొనవలెను. గర్భకాలంలో షుగర్ వచ్చిన తల్లులు ఆ కార్డును బిడ్డ టీకాల కార్డుతో పాటు భద్రపరచుకొనవలెను. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ ఆ సంవత్సరం అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం ప్రభుత్వ, ప్రైవేటు తేడా లేకుండా ఆసుపత్రిలో మరణం సంభవించినపుడు, చికిత్స చేసిన వైద్యుడి సంతకంతో, పూర్వ వ్యాధి చరిత్రతో సహా మరణ కారణ పత్రాన్ని రిజిస్ట్రారుకు పంపడంతో పాటు దాని ప్రతిని సమీప బంధువుకు ఇవ్వవలసి ఉంటుంది. ఆ ప్రతిలో (సి) గీత ఖాళీగా ఉంటే, రోగికి ఎన్నేళ్లుగా షుగర్ ఉన్నదో చెప్పగలిగినది పక్కన నిలబడిన ఇంటివారే.